రేటు తగ్గితే చేతికెంత? క్యాబ్ డ్రైవర్ లెక్క

కిరాయి కిలోమీటర్లు కాదు, బండి మీటర్ రీడింగ్ రాయండి. 10 కి.మీ. ట్రిప్‌కు 4 ఖాళీగా తిరిగితే బండి నడిచింది 14.

సీఎన్‌జీ కి.మీ.కి 5 రూపాయలు, టైర్లు, సర్వీసింగ్‌కు 1.50 అనుకుందాం: 14 కి.మీ.కి ఖర్చు 91. కిరాయి 200, యాప్ కమీషన్ 20 శాతం పోతే మిగిలేది 69. రేటు 15 శాతం తగ్గిస్తే కిరాయి 170, మిగిలేది 45. అంటే సంపాదన మూడో వంతుకు పైగా పోయింది! 10 ట్రిప్పుల డబ్బుకు ఇప్పుడు 15 పైనే తిరగాలి. ఈఎంఐ ఇంకా కట్టనే లేదు.

చాలామంది డీజిల్, గ్యాస్ ఒక్కటే తీసేసి లాభమనుకుంటారు. టైర్లు మార్చే నెలలో అప్పు చేస్తారు.

కమీషన్ యాప్‌నూ, రోజువారీ ఫీజు యాప్‌నూ వారం చొప్పున ఇలాగే పోల్చండి. ట్రిప్పులు తక్కువ దొరికే రోజు ఫీజే భారం. పోటీ కోసం కోసిన రేటుకు డ్రైవర్లు తప్పుకుంటే పికప్ దూరం పెరుగుతుంది, ఆ ఖాళీ కిలోమీటర్లూ మీ జేబులోంచే.