పాత జీపుకి వింటేజ్ రిజిస్ట్రేషన్: ముందు ఛాసిస్ నంబర్ చదవండి, తర్వాతే ఫారం నింపండి

కర్నూలు చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ ఏదో ఒక కొట్టంలో తాతలనాటి విల్లీస్ జీపో, అంబాసిడరో, ఫియట్టో టార్పాలిన్ కింద కనిపిస్తుంది. దాన్ని తుక్కు కింద అమ్మేయనక్కర్లేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జూలైలో మోటారు వాహనాల నిబంధనలను సవరించి, వింటేజ్ వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ పెట్టింది. టూ వీలర్లకు, కార్లకు, జీపులకు ఇది వర్తిస్తుంది.

మొదటి రిజిస్ట్రేషన్ అయిన తేదీ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి. ఛాసిస్ (బండి కింది ఫ్రేము), బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఈ రెండో షరతు దగ్గరే మన వైపు జీపులు ఆగిపోతాయి. పెట్రోల్ ఖర్చు భరించలేక ఎప్పుడో డీజిల్ ఇంజిన్ ఎక్కించినవి చాలా ఉన్నాయి. అలాంటి బండికి దరఖాస్తు పెట్టే ముందే అసలు ఇంజిన్ సంగతి తేల్చుకోండి.

బండి మీద ఏ నంబర్ ఏది

పాత బండి మీద ఒక్క నంబరే ఉంటుందనుకోవడం పెద్ద పొరపాటు. ఛాసిస్ నంబర్ వేరు, ఇంజిన్ నంబర్ వేరు, బాడీ నంబర్ వేరు. బాడీ నంబర్ బాడీ తయారైన చోట కొట్టింది. అది ఛాసిస్ నంబర్‌తో కలవాలని లేదు, కలవకపోతే బండి దొంగదని కాదు. ఫారంలో రాయాల్సింది ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్. స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి కార్లలో బాడీని విడి ఛాసిస్ మీద బోల్టులతో బిగిస్తారు కాబట్టి ఒక కారు బాడీ ఇంకో కారు ఛాసిస్ మీదికి రావడం కష్టమేమీ కాదు. బాడీ మీద నంబర్ కనిపించింది కదా అని అక్కడితో ఆగొద్దు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపులనే తీసుకోండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా వాటిని రెండు కంపెనీలు చేశాయి. విల్లీస్ చేసిన దానికి నంబర్ ముందు ఎంబీ అని ఉంటుంది. ఆ నంబర్ ముందు బంపర్ వెనక, ఎడమ ఫ్రేము లోపలి వైపు రివెట్లతో బిగించిన చిన్న రేకు మీద ఉంటుంది. ఫోర్డ్ చేసిన దానికి జీపీడబ్ల్యూ అనే అక్షరాలతో నంబర్‌ను నేరుగా ఎడమ ఫ్రేము పైభాగంలో కొట్టారు. విల్లీస్ రేకు ఊడిపోయినా కంగారు పడొద్దు. ఫ్రేము ముందు భాగంలోని అడ్డ కమ్మీ గుండ్రటి గొట్టంలా ఉంటే విల్లీస్, తిరగేసిన తొట్టిలా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ అయితే చాలా బోల్టుల తలల మీద కూడా ఇంగ్లిష్ ఎఫ్ అక్షరం కనిపిస్తుంది.

ఫోక్స్‌వాగన్ బీటిల్ ఉన్నవాళ్లు వెనక సీటు తీసి, మధ్యలో ఉన్న గట్టు మీద చూడాలి. 1965 మోడల్ నుంచి ఆ నంబర్లో మొదటి రెండు అంకెలు బండి రకాన్ని, మూడో అంకె మోడల్ ఏడాదిని చెబుతాయి. 115తో మొదలైతే 1965 మోడల్ అన్నమాట. కానీ వాళ్ల మోడల్ ఏడాది అంతకుముందు ఆగస్టులోనే మొదలవుతుంది, కాబట్టి ఆ బండి 1964 చివర్లో తయారైనదీ కావచ్చు. మన లెక్కకు పనికొచ్చేది మాత్రం ఆర్సీలోని మొదటి రిజిస్ట్రేషన్ తేదీయే.

ఇవాళ పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారయ్యే కార్లకు 17 అక్షరాల నంబర్ ఉంటుంది. 50 ఏళ్లు దాటిన బండికి అంత పొడుగు నంబర్ ఉండదు. ఫారంలో గళ్లు మిగిలాయని ముందు సున్నాలు చేర్చొద్దు, బండి మీద ఉన్నది ఉన్నట్టే రాయండి.

నంబర్ చదవడానికి కిరసనాయిలు, గుడ్డ, పాత టూత్ బ్రష్ చాలు. జిడ్డు నానాక తుడిచి, టార్చిలైటు పక్క నుంచి వేస్తే అంకెలు తేలతాయి. గ్రైండర్ దగ్గరికి రానివ్వొద్దు. ఉప్పుకాగితం కూడా వద్దు. పెయింటింగ్ షెడ్డుకు పంపేముందే ఫోటోలు తీసి, తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీసుకోండి. రిజిస్ట్రేషన్ దరఖాస్తు అయిన ఫారం 20 మీద కూడా ఛాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్ అంటించాలి.

మా పెదనాన్న జీపు ఆర్సీలో ఒక అంకె 3 అని ఉంది. తుప్పు తుడిచి చూస్తే ఫ్రేము మీద 8. ఎప్పుడో రెన్యువల్‌లో చేత్తో రాసినప్పుడు జరిగిన తప్పు అది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ స్వయంగా చూసి రాసిచ్చాక గానీ సరికాలేదు, నాలుగు నెలలు తిరిగాం. చాలా టెన్షన్ పడ్డాం. మీ ఆర్సీలో అలాంటి తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకుని, తర్వాతే వింటేజ్‌కి వెళ్లండి. నంబర్ అరిగిపోయిందని మెకానిక్ చేత మళ్లీ కొట్టించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. దాంతో నిజమైన బండి కూడా అనుమానపు బండి అయిపోతుంది.

దరఖాస్తు

కేంద్ర రోడ్డు రవాణా శాఖ వెబ్‌సైట్ అయిన పరివాహన్ పోర్టల్‌లో ఫారం 20తో దరఖాస్తు చేయాలి. దానికి ఇన్సూరెన్స్, పాత ఆర్సీ జతచేయాలి. విదేశం నుంచి తెప్పించిన బండికైతే కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ కావాలి. 1953 అక్టోబర్ 1 దాకా మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి కాబట్టి, అంతకంటే పాత బండి కాగితాలు మద్రాసు రాష్ట్రం పేరుతోనే ఉంటాయి. ఆ కాగితం చిరిగినా పారేయకండి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, రీ-రిజిస్ట్రేషన్‌కు 5,000.

రాష్ట్రం నియమించిన కమిటీ బండిని చూస్తుంది. ఆ రోజు నంబర్లున్న చోట్లు శుభ్రంగా, చేతికి అందేలా ఉంచండి. అన్నీ సరిపోతే 60 రోజుల్లో ఫారం 23ఏలో ఆర్సీ ఇస్తారు, అది పదేళ్లు చెల్లుతుంది. ఇప్పటికే రిజిస్టరైన బండికి పాత నంబర్‌నే ఉంచుకోవచ్చు. కొత్తగా చేయించే బండికి ఏపీ తర్వాత వీఏ అక్షరాలతో నంబర్ వస్తుంది.

ఆర్సీ చేతికొచ్చాక రోజూ బజారుకు తిప్పడానికి కుదరదు. ప్రదర్శనకు, వింటేజ్ ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోల్ కొట్టించడానికి, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. పెళ్లి ఊరేగింపుకు బాడుగకు అడిగేవాళ్లు తప్పకుండా వస్తారు. అది వాణిజ్య వాడకం కిందికి వస్తుంది, ఒప్పుకోవద్దు.