న్యూజెర్సీలో కారు లేకుండా: ట్రైన్ లైన్ పక్కన కాపురం పెట్టేవారికి

న్యూయార్క్, ట్రెంటన్‌ల మధ్య ఎన్‌జే ట్రాన్సిట్ (న్యూజెర్సీ రాష్ట్ర రవాణా సంస్థ) నడిపే ట్రైన్ లైన్ గురించి ఇదంతా. ఈ లైన్ మీద ఎడిసన్‌లో స్టేషన్ ఉంది కదా అని ఎడిసన్‌లో ఏ ఇల్లు దొరికితే దానికి లీజు రాసేయకండి. అది సుమారు 30 చదరపు మైళ్ల టౌన్‌షిప్. స్టేషన్ దక్షిణాన ప్లెయిన్‌ఫీల్డ్ అవెన్యూ దగ్గర ఉంటే, మన సరుకుల కొట్లుండే ఓక్ ట్రీ రోడ్ ఉత్తరాన ఉంది. ఆ వైపు చాలా ఇళ్లకు మెటచెన్ స్టేషనో మెట్రోపార్కో దగ్గరవుతుంది. ఊరి పేరుతో పని లేదు, గుమ్మం నుంచి ప్లాట్‌ఫామ్ దాకా ఎంత నడకో అదే లెక్క. మైలుకు 20 నిమిషాలు పడుతుంది. జనవరి చలిలో రెండు పూటలా నడవాలి కాబట్టి ముప్పావు మైలు దాటకపోతే మంచిది. మ్యాప్‌లో దూరం చూసి ఊరుకోకుండా దారి పొడుగునా స్ట్రీట్ వ్యూ తిప్పి చూడండి. రూట్ 1, రూట్ 27 లాంటి రోడ్ల మీద ఫుట్‌పాత్ ఉన్నట్టుండి మాయమయ్యే చోట్లున్నాయి.

మెట్రోపార్క్‌లో ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కువ ఆగుతాయి, ఆమ్‌ట్రాక్ కూడా ఆగుతుంది. కానీ చుట్టూ ఆఫీసులు, పార్కింగ్ కట్టడాలే. మెటచెన్‌లో స్టేషన్ దిగితే ఊరి నడిబొడ్డే. కారు లేనివాళ్లకు మెటచెన్, న్యూ బ్రన్స్‌విక్ రెండూ సుఖం. అన్నట్టు, జెర్సీ అవెన్యూ స్టేషన్ న్యూ బ్రన్స్‌విక్ తర్వాత వస్తుంది, దానికీ జెర్సీ సిటీకీ సంబంధం లేదు.

కొత్తవాళ్లు తప్పే చోట్లు ముఖ్యంగా రెండు. మాన్‌హట్టన్ వెళ్లేటప్పుడు అనౌన్స్‌మెంట్‌లో ‘న్యూఅర్క్ పెన్ స్టేషన్’ అన్నది ‘న్యూయార్క్ పెన్ స్టేషన్’ లాగే వినిపిస్తుంది. కంగారుపడి దిగిపోతారు. న్యూఅర్క్ తర్వాత సెకాకస్ వస్తుంది, ఆ తర్వాత నది కింద సొరంగం, అది దాటాకే న్యూయార్క్. రెండోది తిరుగు ప్రయాణంలో. న్యూయార్క్‌లో ట్రాక్ నంబరు ట్రైన్ కదలడానికి పది నిమిషాల ముందు గానీ బోర్డు మీద పడదు. పడగానే జనం మెట్ల మీదికి ఉరుకుతారు, ఆ తోపులాటలో లాంగ్ బ్రాంచ్ వెళ్లే కోస్ట్ లైన్ ట్రైన్ ఎక్కేస్తారు. అది రావే దాకా మన స్టేషన్ల మీదుగానే వస్తుంది కాబట్టి అనుమానం రాదు, అక్కడి నుంచి సముద్రం వైపు తిరిగిపోతుంది. తెలియగానే రావేలో దిగి ట్రెంటన్ వైపు ట్రైన్ కోసం ఆగండి. ట్రెంటన్ గానీ జెర్సీ అవెన్యూ గానీ అని బోర్డు ఉంటే మీ లైనే, మీ స్టేషన్‌లో ఆగుతుందో లేదో మాత్రం స్టాపుల జాబితాలో చూసుకోవాలి.

టికెట్ ఎన్‌జే ట్రాన్సిట్ యాప్‌లో కొని, ఎక్కే ముందు యాక్టివేట్ చేయాలి. కండక్టర్ కనబడ్డాక నొక్కితే ఒప్పుకోరు. స్టేషన్‌లో మెషీన్ ఉండగా ట్రైన్‌లో కొంటే 5 డాలర్లు అదనం. 2024 జూలై నుంచి కొన్న వన్‌వే టికెట్లు 30 రోజుల్లో మురిగిపోతాయి, కాబట్టి కట్టలుగా కొని దాచుకోకండి. టికెట్ చూశాక కండక్టర్ సీటు దగ్గర ఒక చీటీ గుచ్చి వెళ్తాడు. సీటు మారితే ఆ చీటీ కూడా తీసుకెళ్లండి. ఆఫీసు జెర్సీ సిటీలో అయితే న్యూఅర్క్‌లో దిగి పాత్ (PATH) అనే వేరే సంస్థ ట్రైన్ ఎక్కాలి, దాని ఛార్జీ వేరు.

న్యూజెర్సీలో 20 మందికి తగ్గకుండా పనిచేసే కంపెనీ పన్నుకు ముందే జీతంలోంచి ట్రైన్, బస్సు పాస్ డబ్బు మినహాయించుకునే వీలు ఇవ్వాలని చట్టం ఉంది. 2025లో ఆ పరిమితి నెలకు 325 డాలర్లు. హెచ్‌ఆర్ వాళ్లు చెప్తారని ఎదురుచూడక మొదటి వారంలోనే అడగండి.

ఇక బస్సులు. ఎడిసన్, మెటచెన్ ఉండే మిడిల్‌సెక్స్ కౌంటీలో లోకల్ రూట్ల నంబర్లు 800 వరుసలో ఉంటాయి. వీటి మీద పెట్టుకోదగ్గ నమ్మకం తక్కువే: గంటకొకటి వస్తే ఎక్కువ, కొన్నింటికి ఆదివారం బస్సే లేదు. స్టాపు స్తంభం మీదుండే అయిదంకెల నంబరు యాప్‌లో కొడితే బస్సు ఎక్కడుందో తెలుస్తుంది. స్టాపులో ఫోన్ చూస్తూ నిలబడితే డ్రైవర్ సాగిపోతాడు, చెయ్యి ఊపాలి. డబ్బులిచ్చేవాళ్లు చిల్లర సరిగ్గా పెట్టుకోవాలి.

సరుకులకు మడత పెట్టే రెండు చక్రాల ట్రాలీ కొనండి. చక్రాలు పెద్దవిగా ఉండాలి, చిన్నవి ఫుట్‌పాత్ పగుళ్లలో ఇరుక్కుంటాయి. బియ్యం బస్తా లాంటి బరువులు మాత్రం డెలివరీకి వదిలేయండి. మంచు పడ్డ మర్నాడు ట్రాలీ జోలికి పోవద్దు: రోడ్డు మీది మంచంతా తోసి మూలమలుపుల్లోనూ బస్‌స్టాపుల్లోనూ గుట్ట పోస్తారు, దాటే దారి ఉండదు. పట్టున్న బూట్లు తప్పనిసరి.

డ్రైవింగ్ లైసెన్సు తీసుకునే ఉద్దేశం లేకపోయినా మోటార్ వెహికల్ కమిషన్‌లో నాన్-డ్రైవర్ ఐడీ తీసుకోండి, 24 డాలర్లు. గుర్తింపు అడిగిన ప్రతిచోటా పాస్‌పోర్ట్ తీయక్కర్లేదు. ఇక్కడ ఒక్కో గుర్తింపు పత్రానికి ఇన్ని పాయింట్లని లెక్క ఉంటుంది, మొత్తం 6 పాయింట్లు కావాలి, అదనంగా అడ్రస్ రుజువు. లీజు కాపీ, బ్యాంక్ స్టేట్‌మెంట్ మీద మీ పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందో లేదో ముందే చూసుకోండి. ఇంటిపేరు ముందుకీ వెనక్కీ మారిందంటే అపాయింట్‌మెంట్ వృథా.