మిర్చి ధరల పేజీ నిన్నటి దగ్గరే ఆగిపోతే: సర్వీస్ వర్కర్ చిక్కులు, పరిష్కారాలు

సమస్య: సర్వర్‌లో కొత్త ధర ఉంది, ఫోనులో నిన్నటిదే కనిపిస్తోంది.

గుంటూరు మిర్చి యార్డు ధరలు చూపే పేజీకి ఇంతకన్నా పరువు తక్కువ లోపం లేదు. పేజీకి, నెట్‌వర్క్‌కు మధ్య నిలబడి బ్రౌజర్‌లో వెనకాల నడిచే స్క్రిప్టే సర్వీస్ వర్కర్. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో అప్లికేషన్ విభాగం తెరిచి, ఆ వర్కర్లు ఎన్ని ఉన్నాయో చూడండి.

ఒక్కటే ఉంటే: చాలావరకు అది నెట్‌వర్క్ జోలికి పోకుండా క్యాష్‌లో, అంటే ఫోనులోని నిల్వలో, దాచిందే ఇచ్చేస్తోందని అర్థం. బొమ్మలకు, స్టైల్ ఫైళ్లకు ఆ పద్ధతి మేలే. ధరలకు మాత్రం ముందు నెట్‌వర్క్, సిగ్నల్ లేనప్పుడే క్యాష్ అని మార్చండి. క్యాష్ నుంచి ఇచ్చిన తేజ రకం మిర్చి ధర పక్కన తేదీ, సమయం తప్పక చూపండి. దాన్ని నమ్మి టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్ముకునేవాళ్లు ఉంటారు.

రెండోది వేచి ఉన్నట్టు కనిపిస్తే: కొత్త స్క్రిప్ట్ వచ్చింది కానీ పగ్గాలు అందలేదు. పాత వర్కర్ అధీనంలోని ట్యాబ్‌లన్నీ మూసేదాకా బ్రౌజర్ ఇంజిన్ ఆ పాతదాన్ని తప్పించదు; రీలోడ్ చేస్తే చాలదు. వేచి ఉండకుండా పగ్గాలు తీసుకోమని కొత్త వర్కర్‌కు చెప్పే స్కిప్‌వెయిటింగ్ పెడితే వెంటనే మారుతుంది. అయితే దాన్ని గుడ్డిగా పెట్టడం నాకు నచ్చదు. తెరిచి ఉన్న పాత పేజీకి కొత్త వర్కర్ తగులుకుంటుంది. పాత ఫైళ్లు అప్పటికే చెరిగిపోయి ఉంటే పేజీ చెడుతుంది. ‘కొత్త వెర్షన్ వచ్చింది’ అనే బటన్ చూపి, నొక్కాక మార్చి, అప్పుడు రీలోడ్ చేయించండి.

సమస్య: వర్కర్‌లోని వేరియబుల్ ఉన్నట్టుండి సున్నా అవుతోంది.

బ్యాటరీ, మెమరీ ఆదా కోసం ఖాళీగా ఉన్న వర్కర్‌ను ఇంజిన్ ఆపేస్తుంది. క్రోమ్‌కు ఆధారమైన క్రోమియంలో ఆ గడువు దాదాపు 30 సెకన్లు. మళ్లీ లేచినప్పుడు స్క్రిప్ట్ మొదటినుంచి నడుస్తుంది. తమాషా ఏమిటంటే, క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి ఉన్నంతసేపూ వర్కర్ ఆగదు. వెతికేటప్పుడు లోపం కనిపించదు, మూయగానే మళ్లీ మొదలు! నిలవాల్సిన విలువలను బ్రౌజర్‌లోనే ఉండే డేటాబేస్ ఇండెక్స్‌డ్ డీబీలో రాయండి. బ్రౌజర్‌లోని మరో నిల్వ లోకల్‌స్టోరేజ్ వర్కర్లకు అందదు. ఈవెంట్‌లో మొదలుపెట్టిన పని ముగిసేదాకా ఆపవద్దని ఇంజిన్‌కు చెప్పడానికి వెయిట్‌అంటిల్ వాడండి.

సమస్య: కంప్యూటర్‌లో బాగుంది, ఫోనులో వర్కర్ నమోదే కావడం లేదు.

వర్కర్ నమోదుకు హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన కనెక్షన్) తప్పనిసరి. లోకల్‌హోస్ట్‌కు, అంటే సొంత కంప్యూటర్ చిరునామాకు, మినహాయింపు ఉంది, వైఫైలో 192.168తో మొదలయ్యే చిరునామాకు లేదు. అక్కడ హెచ్‌టీటీపీఎస్ కావాలి. నమోదైనా పేజీని పట్టించుకోకపోతే స్క్రిప్ట్ ఏ ఫోల్డర్‌లో ఉందో చూడండి. మామూలుగా దాని పరిధి ఆ ఫోల్డర్, దాని లోపలి పేజీల వరకే. సైటు మూల ఫోల్డర్‌లోకి మార్చండి.