యూకేకి కొత్తగా వచ్చారా? గుండె దడ గురించి ముందే నాలుగు మాటలు

ఆవకాయ సీసా, చిన్న కుక్కర్, దుప్పటి, సర్టిఫికెట్ల ఫైలు. ఇవన్నీ గుర్తుపెట్టుకుని మరీ సర్దుకుని వస్తాం. వచ్చాక మూడో వారంలోనో నాలుగో నెలలోనో ఒక రాత్రి గుండె దడదడలాడుతూ మెలకువ వస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. లెస్టర్‌లో ఐదుగురం అమ్మాయిలం కలిసి ఉన్న ఇంట్లో రాత్రి మూడింటికి ఉలిక్కిపడి లేచాను. అరచేతుల్లో చెమట, వేళ్ళకు తిమ్మిరి, ఎంత పీల్చినా ఊపిరి సగంలోనే ఆగిపోతున్నట్టు. హార్ట్ ఎటాక్ అనుకున్నాను. పక్క గదిలో అమ్మాయిని లేపడానికి మొహమాటం అడ్డొచ్చింది. కాసేపటికి అదే తగ్గింది. తెల్లారి అమ్మ ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానమ్మా" అన్నాను.

దాన్ని పానిక్ ఎటాక్ అంటారని తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నాలో ఏదో లోపం ఉందనుకుంటూ గడిపాను. మీకు ఆ రెండు నెలలు వృథా కాకూడదనే ఇది రాస్తున్నాను.

కంగారు పుట్టగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. ఎదురుగా ప్రమాదం ఉన్నట్టు గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి జోరందుకుంటుంది. అలా గబగబా పీలుస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. ఆ తిమ్మిరి చూసి ఇంకా భయపడతాం, దాంతో దడ ఇంకా పెరుగుతుంది. చాలామందికి ఇది ఐదు నుంచి ఇరవై నిమిషాల్లో దానంతటదే దిగిపోతుంది. అయితే ఛాతీలో నొప్పి తగ్గకుండా ఉన్నా, చేతికో దవడకో పాకుతున్నా టెన్షనేలే అని మీరే తేల్చేసుకోకండి. 999కి ఫోన్ చేయండి. అంబులెన్సుకు డబ్బు కట్టక్కర్లేదు.

కారణాలు వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. ఊళ్ళో బ్యాంకు లోను, ఇక్కడ ఇంటి అద్దె. మూడు పౌండ్ల కాఫీని వందతో గుణించి, తాగకుండా వెనక్కి వచ్చేయడం. ఫోన్‌లో అవతలివాళ్ళ యాస అర్థం కాక మూడోసారి "సారీ?" అనాల్సి రావడం. రాత్రి వేర్‌హౌస్ షిఫ్టు, పొద్దున క్లాసు, రెంటికీ మధ్య ఒక ఎనర్జీ డ్రింక్. ఆ డ్రింకులు ముందు మానేయండి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. అది తెచ్చే దడ అచ్చం భయం తెచ్చే దడలాగే ఉంటుంది.

దడ మొదలైనప్పుడు చేసే పని ఒకటే: వదిలే ఊపిరి పీల్చే ఊపిరి కంటే పొడుగ్గా ఉండాలి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది, మనం ఆ సమయాన్ని పెంచుతున్నామంతే. కొందరికి కళ్ళు మూసుకుని ఊపిరిని గమనిస్తే భయం ఇంకా ఎక్కువవుతుంది. నాకూ అంతే. అలాంటప్పుడు కళ్ళు తెరిచే ఉంచండి. పాదాలు నేలకు ఆనించి ఆ చల్లదనం చూడండి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు తెలుగులో పైకి చెప్పండి. పరదా, బకెట్, గొడుగు, చెప్పులు, గడియారం. మన భాష మన చెవిన పడగానే కాస్త నేల దొరికినట్టుంటుంది.

మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఇప్పుడు చేస్తున్న దాని మీదే మనసు నిలపడం, అనే మాట ఇక్కడ యూనివర్సిటీ నోటీసు బోర్డుల మీద చాలాచోట్ల కనిపిస్తుంది. ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకోవద్దు. బౌద్ధ గ్రంథాల భాష అయిన పాలీలో దాన్ని సతి అంటారు, మన స్మృతి అన్న మాటే అది. బౌద్ధులు శతాబ్దాలుగా చేస్తున్న సాధనను 1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ అనే ఆయన రోగుల కోసం ఆసుపత్రిలోకి తెచ్చారు. (లండన్ వెళ్తే బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. టికెట్ లేదు, ఆ గది తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి. వాటి ముందు ఓ పావుగంట ఊరికే నిలబడ్డ రోజు నాకు ఇంకా గుర్తుంది.)

చాప వేసుకుని ధ్యానం చేయడం నా వల్ల కాలేదు. నాకు తాలింపు పనికొచ్చింది. అవును, పప్పులో పెట్టే తాలింపే. చిన్న గిన్నెలో నూనె వేసి చూస్తూ నిలబడాలి. నూనె అంచున సన్నగా అలలు కదులుతాయి. ఆవాలు వేస్తే ముందు ఒకటి చిటపటమంటుంది, తర్వాత నాలుగు, తర్వాత అన్నీ. జీలకర్ర రంగు మారుతుంది, ఎండుమిర్చి ఉబ్బి నల్లబడే లోపు కరివేపాకు పడాలి. ఒక్క క్షణం లోను కిస్తీ వైపు మనసు పోయిందా, మాడిపోతుంది. పైగా ఇక్కడ స్మోక్ అలారం మోగి ఇల్లంతా లేస్తుంది! ఆ రెండు నిమిషాలూ నేను పూర్తిగా ఆ గిన్నె దగ్గరే ఉండేదాన్ని. మనసు పక్కకు పోయినప్పుడల్లా తిట్టుకోకుండా మళ్ళీ గిన్నె దగ్గరికి తెచ్చుకోవడమే సాధన. మీకు గిన్నెలు తోమడం కావచ్చు, జడ వేసుకోవడం కావచ్చు, బస్టాపు దాకా నడక కావచ్చు. రోజూ ఒకటే పని, ఫోన్ లేకుండా.

చలికాలం సంగతి ముందే తెలిసి ఉండాలి. డిసెంబరులో ఇంగ్లండ్‌లో సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. మబ్బు పట్టినా సరే, మధ్యాహ్నం అరగంట బయట నడవండి. విటమిన్ డి రోజుకు 10 మైక్రోగ్రాములు శరత్తులో, చలికాలంలో అందరూ, మనలాంటి దక్షిణాసియా ఒంటి రంగు ఉన్నవాళ్ళు ఏడాది పొడవునా తీసుకునే విషయం ఆలోచించాలని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెబుతోంది. సూపర్‌మార్కెట్లోనే దొరుకుతుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, వచ్చిన మొదటి వారంలోనే చేయాల్సింది, జీపీ దగ్గర పేరు నమోదు. జీపీ అంటే మన పేటలో ఉండే ఫ్యామిలీ డాక్టరు లాంటివారు. వీసాతోపాటు హెల్త్ సర్‌చార్జ్ కట్టే వచ్చాం, జీపీని కలవడానికి మళ్ళీ ఫీజు లేదు. అడ్రస్ ప్రూఫ్ లేదన్న కారణంతో కాదనకూడదు. నేను జబ్బు చేసేదాకా ఆగి, ఆ జబ్బులోనే ఫారాలు నింపుతూ ఏడ్చాను. మీరలా చేయకండి. ఇంగ్లండ్‌లో అయితే ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్ అని ఉంది, అంటే మాటలతో చేసే చికిత్స. జీపీ చీటీ లేకుండా మనమే ఆన్‌లైన్లో పేరు ఇవ్వొచ్చు. కొన్ని వారాలు ఆగాల్సి రావచ్చు, అందుకే ముదిరేదాకా ఆగకుండా అడగండి. ఇంగ్లిష్‌లో మనసు విప్పడం కష్టమైతే దుబాసీ కావాలని అడిగే హక్కు ఉంది.

"డాక్టరుకు చెప్తే వీసాకేమైనా అవుతుందా?" ఈ ప్రశ్న నన్ను చాలామంది గుసగుసగా అడిగారు. కౌన్సెలింగ్‌కు వెళ్ళినందుకు వీసా పోదు. ఎవరికీ చెప్పకుండా క్లాసులు ఎగ్గొడితే మాత్రం నిజంగానే చిక్కు, ఎందుకంటే యూనివర్సిటీ మన హాజరు గమనిస్తూ ఉండాలి. బాగోలేదని ముందే ట్యూటరుకు మెయిల్ పెడితే గడువు పొడిగించే దారులున్నాయి. ఇంటి నుంచి మందులు వాడుతూ వచ్చినవాళ్ళు ఇంగ్లిష్‌లో ప్రిస్క్రిప్షన్, డాక్టరు ఉత్తరం తెచ్చుకోండి, ఉన్నట్టుండి ఆపకండి. రూమ్మేట్ ఇచ్చిన నిద్రమాత్ర వేసుకోకండి.

బతకాలని లేదనిపించే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇవన్నీ పక్కన పెట్టి ఫోన్ తీయండి. మన బాధ వినే హెల్ప్‌లైన్ సమారిటన్స్ 116 123, రాత్రీ పగలూ, ఉచితం. ఇంగ్లండ్‌లో 111కి చేసి 2 నొక్కితే మానసిక ఆరోగ్య సిబ్బంది మాట్లాడతారు. ప్రాణం మీదికి వస్తే 999. ఈ నంబర్లు ఇప్పుడే సేవ్ చేసుకోండి.

చివరగా ఇంటికి ఫోన్ సంగతి. చలికాలంలో మనకూ ఇంటికీ ఐదున్నర గంటల తేడా, వేసవిలో నాలుగున్నర. చలికాలంలో ఇక్కడ డ్యూటీ దిగి సాయంత్రం ఏడింటికి చేసేసరికి అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. పొద్దున బస్సులోనో లంచ్‌లోనో ఒక టైము పెట్టుకోండి. కనీసం ఇంట్లో ఒక్కరికి, అక్కకో బాబాయికో, నిజం చెప్పండి. నేను మూడు నెలలు దాచి, జనవరిలో ఒక సాయంత్రం ఆరింటికి "అమ్మా, ఇవాళ బాలేదమ్మా" అన్నాను. అక్కడ పదకొండున్నర. భయపడుతుందనుకున్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది:

"ఇంట్లో చింతపండు ఉందా తల్లీ?"

"ఉంది."

"అయితే లే, చారు పెట్టుకో. ఫోను పొయ్యి పక్కన పెట్టు. నువ్వు తినేదాకా నేను లైన్లోనే ఉంటా."