తల్లీ తండ్రీ లేని సిపాయిని కాగితాల్లో వెతకడం

మా అమ్మమ్మకు ఒక్కడే తమ్ముడు. కలరాలో పది రోజుల తేడాతో అమ్మా నాన్నా పోతే ఇద్దరినీ మేనమామ సాకాడు. తమ్ముడు పన్నెండో ఏట నుంచే విజయనగరం దగ్గర జూట్ మిల్లులో బరువులు మోసేవాడు. 1942లో మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజినీర్ల దళంలో చేరి బెంగళూరు రైలెక్కాడు. మళ్లీ రాలేదు. "వాణ్ని కాల్చారో, పూడ్చారో కనుక్కోరా నాయనా" అని అమ్మమ్మ చివరిదాకా అడిగింది. తెలుసుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. దారి తెలిస్తే ఒక్క సాయంత్రం పని. మీ ఇంట్లోనూ ఇలాంటి తాతయ్య ఉంటే ఇలా మొదలుపెట్టండి.

ముందు పాత ట్రంకు పెట్టెలు తీయండి. ఫొటో కోసం కాదు, నంబరు కోసం. సైన్యంలో ఒకే పేరున్నవాళ్లు ఎందరో ఉంటారు, నంబరుతోనే మనిషిని గుర్తుపట్టాలి. మా ఇంట్లో మిగిలింది ఒక్క కవరు, మడత దగ్గర చిరిగి, పసుపు మరకలతో. దాని వెనక తాతయ్య పేరుకు ముందు ఒక నంబరు ఉంది. డెబ్బై ఏళ్లుగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ముందువైపు గుండ్రటి తపాలా ముద్రలో ఊరి పేరుండదు. ఎఫ్‌పీఓ అనే అక్షరాలు, ఒక అంకె, తేదీ, అంతే. పటాలం జాడ శత్రువుకు తెలియకూడదని యుద్ధరంగపు తపాలా కార్యాలయాలకు అంకెలే ఇచ్చారు. ఏ అంకె ఎప్పుడు ఎక్కడ ఉందో తపాలా ముద్రలు సేకరించేవాళ్ల జాబితాలు చెబుతాయి. మనియార్డరు కూపన్లు ఉంటే వాటినీ ఇలాగే చదవండి.

తర్వాత, రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో వెతకండి. డబ్బు కట్టనక్కరలేదు. రెండో ప్రపంచ యుద్ధానికి వాళ్లు తీసుకున్న గడువు 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా. సైన్యంలో ఉండగా ఈ గడువులో జబ్బుతో పోయినా లెక్కలోకి వస్తారు. కాబట్టి "యుద్ధంలో కాదు, జ్వరంతో పోయాడట" అని ఇంట్లో అన్నా వదిలేయకండి.

నేను ఏడాది పోగొట్టుకున్నది ఇక్కడే. ఇంటిపేరుతో వెతికాను. మనవాళ్ల పేర్లు చాలాచోట్ల ఇంటిపేరు లేకుండానే ఎక్కాయి. అప్పలస్వామి అనే పేరును ఇంగ్లీషులో చివర ఐ పెట్టి ఒకసారి, వై పెట్టి ఒకసారి, రెండు ముక్కలు చేసి ఒకసారి చూడాలి. అంతకన్నా మంచి దారి ఊరితో వెతకడం. అదనపు సమాచారం అనే గడిలో ఊరో జిల్లానో కొట్టండి. చాలా నమోదుల్లో ఫలానావాడి కొడుకు, ఫలానా ఊరు, జిల్లా అని ఉంటుంది. అయితే అప్పటి జిల్లా కావాలి. విజయనగరం జిల్లా 1979లో, ప్రకాశం 1970లో, శ్రీకాకుళం 1950లో వచ్చాయి. మా తాతయ్య ఉన్నది విశాఖ జిల్లా కింద, అదీ విజగపటం (Vizagapatam) అనే పాత స్పెల్లింగుతో. కృష్ణా అయితే కిస్ట్నా (Kistna) అని, కడప అయితే కడప్పా (Cuddapah) అని కూడా చూడండి. నిజాం ఇలాకావాళ్లకు హైదరాబాద్ స్టేట్ అని కొట్టండి.

తండ్రి పేరు కలవకపోతే ఆ మనిషి కాదని తేల్చేయకండి. అనాథ విషయంలో ఇది మరీ ముఖ్యం. చేరేటప్పుడు ఆ కుర్రాడు పెంచినవాళ్ల పేరు చెప్పి ఉండవచ్చు. మేనమామ, పెదనాన్న, పని ఇప్పించిన మేస్త్రీ, అందరి పేర్లతోనూ పోల్చండి. నేను వెళ్లిన ఒక కార్యాలయంలో తండ్రి పేరు సరిపోలేదని కాగితం చూడకుండానే పంపేశారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. తండ్రి లేనివాణ్ని తండ్రి పేరుతో వెతికితే ఎలా దొరుకుతాడు?

మొదటి యుద్ధపు సిపాయి అయితే పతకం అంచు చూడండి, నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. ఇరాక్‌లోని బాస్రా స్మారకం గోడ మీద మాత్రం మామూలు భారత సిపాయిల పేర్లు లేవు, పటాలానికి ఎందరన్న అంకెలే వేశారు. మరణించినవాళ్లను అందరినీ సమానంగా స్మరించలేదని కమిషనే 2021లో ఒప్పుకుంది. వెబ్‌సైటులో వెతికితే పేరు దొరకవచ్చు.

బతికి తిరిగొచ్చినవాళ్లు ఈ జాబితాలో ఉండరు. వాళ్ల కోసం నంబరుతో సహా ఆ రెజిమెంటు రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనూ అడగండి.

మా తాతయ్య పేరు మయన్మార్‌లో, యాంగోన్‌కు ఉత్తరాన తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద ఉంది. సమాధి జాడ తెలియనివాళ్ల పేర్లు అక్కడ దాదాపు 27 వేలు. కాల్చారో పూడ్చారో ఆ కాగితం చెప్పలేదు. పేరు ఏ వైపున చెక్కారో నమోదులో ఉంటుంది, తప్పక రాసుకోండి, అది లేకుండా ఆ స్తంభాల మధ్య పేరు పట్టుకోవడం కష్టం.

తప్పులుంటే రుజువు జతచేసి సవరించమని కమిషన్‌కు రాయవచ్చు. ఊరి పేరు దిద్దమని నేనూ రాశాను. తండ్రి పేరు ఉండాల్సిన చోట మేనమామ పేరుంది. దాన్ని మార్చమని అడగలేదు. అది తాతయ్య తన నోటితో చెప్పిన పేరు.