ఇంటి కంప్యూటర్ మనమే చక్కబెట్టుకుందాం – 6వ పాఠం: నెట్ బాగానే ఉంది, పేజీ మాత్రం కదలదు

పోయిన పాఠంలో రౌటర్, వైఫై, కేబుల్ సంగతి తేల్చేశాం. స్పీడ్ టెస్టులో మీరు కట్టే ప్యాకేజీకి తగ్గ అంకె వస్తోంది. అదే వైఫై మీద ఫోనులో పేజీలు చకచకా తెరుచుకుంటున్నాయి. కంప్యూటర్లో మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. అలాంటప్పుడు లైను వాళ్లకు ఫోన్ చేసి లాభం లేదు, కంప్యూటర్ లోపలే వెతకాలి. ముందుగా అనుమానించాల్సింది యాంటీవైరస్‌ని. ఈ పాఠం విండోస్ 10, 11 వాడేవాళ్లకు.

స్పీడ్ టెస్టు బాగుంటే అంతా బాగున్నట్టే అనుకోకండి. ఆ పరీక్ష నాలుగైదు కనెక్షన్లు తెరిచి వాటిలోంచి డేటాను ధారగా పారిస్తుంది. వార్తల సైటు అలా పనిచేయదు. ప్రకటనలు నిండిన ఒక్క పేజీ కోసం బ్రౌజర్ వందకు పైగా చిన్న ఫైళ్లను ఎన్నో వేర్వేరు సర్వర్ల నుంచి తెచ్చుకుంటుంది. ఒక్కో కనెక్షన్ దగ్గర 50 మిల్లీసెకన్లు ఆగినా స్పీడ్ టెస్టులో అది కనపడదు. పేజీలో మాత్రం ఒక ఫైలు వస్తేగానీ రెండోదాన్ని అడగలేని చోట్ల ఆ ఆలస్యాలు పేరుకుని సెకన్లవుతాయి.

యాంటీవైరస్ బ్రౌజింగ్‌లో మూడు చోట్ల వేలు పెడుతుంది. బ్రౌజర్ డిస్కులో రాసే ప్రతి ఫైలునూ చూసేది రియల్ టైమ్ స్కాన్. సైటుకూ బ్రౌజర్‌కూ నడుమ నిలబడి వచ్చీపోయే డేటాను తనిఖీ చేసేది వెబ్ షీల్డ్. ఇక బ్రౌజర్లోనే కూర్చుని సెర్చ్ ఫలితాల పక్కన పచ్చ టిక్కులు పెట్టేది ఎక్స్‌టెన్షన్. మూడూ వేర్వేరు, మూడింటికీ మందు వేరు. అందుకే మొత్తం యాంటీవైరస్‌ని పీకేసే ముందు ఏది అడ్డు పడుతోందో కొలిచి చూడాలి.

ముందు కొలత

క్రోమ్‌లో గానీ ఎడ్జ్‌లో గానీ మిగతా ట్యాబులన్నీ మూసేయండి. ప్రకటనలున్న ఒక తెలుగు వార్తల సైటు తెరిచి ఎఫ్12 నొక్కండి. వచ్చే ప్యానెల్‌లో నెట్‌వర్క్ అనే ట్యాబుకు వెళ్లి, పైన ఉన్న డిజేబుల్ క్యాష్ గడిలో టిక్ పెట్టండి. అది పెట్టకపోతే రెండోసారి పేజీ డిస్కులోంచే వచ్చేస్తుంది, మీరు కొలిచింది నెట్‌ని కాకుండా పోతుంది. ఈ ప్యానెల్ తెరిచి ఉన్నంతసేపే ఆ టిక్ పనిచేస్తుందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు కంట్రోల్, ఆర్ కలిపి నొక్కండి. ప్యానెల్ అడుగున ఫినిష్, డామ్ కంటెంట్ లోడెడ్, లోడ్ అని మూడు సమయాలు కనిపిస్తాయి. ఫినిష్‌ని పట్టించుకోకండి. ప్రకటనలు మారుతున్నకొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది. ఎర్ర అక్షరాల్లో ఉండే లోడ్ అంకె చాలు. ఆరుసార్లు రీలోడ్ చేసి, మొదటిది వదిలేసి, మిగతా ఐదింటినీ వరసలో పెట్టి నడిమి అంకె రాసుకోండి. సగటు తీయొద్దు. ఒక్క ప్రకటన మొరాయించినా సగటు పాడవుతుంది.

ఇదే కొలత ప్రకటనలు లేని తెలుగు వికీపీడియా పేజీ మీద కూడా తీయండి. వికీపీడియా కూడా నీరసంగా వస్తుంటే లోపం మీ కంప్యూటర్లో ఉన్నట్టే. అది చిటికెలో వచ్చి, వార్తల సైటు ఒక్కటే ఈడుస్తుంటే ఆ సైటు బరువు కొంత, వెబ్ షీల్డ్ కొంత కారణం కావచ్చు.

తాళం బొమ్మ వెనక ఏముంది

ఇవాళ దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తుంది. అంటే సైటుకూ బ్రౌజర్‌కూ మధ్య డేటా సంకేత రూపంలో వెళుతుంది. దారిలో ఎవరూ చదవలేరు, యాంటీవైరస్ కూడా చదవలేదు. అయినా చదివి తీరాలనుకున్న యాంటీవైరస్‌లు ఒక ఉపాయం పట్టాయి. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే తమ సొంత రూట్ సర్టిఫికెట్‌ని, అంటే సైట్ల గుర్తింపు పత్రాల మీద వేసే ముద్ర లాంటిదాన్ని, విండోస్‌లో నమ్మకమైన సర్టిఫికెట్ల జాబితాలో పెట్టేస్తాయి. ఆ తర్వాత మీరు ఏ సైటు తెరిచినా, సైటుతో యాంటీవైరస్ మాట్లాడుతుంది, మీ బ్రౌజర్‌తోనూ యాంటీవైరసే మాట్లాడుతుంది. దారిలో ప్రతి కవరునూ చించి చదివి, కొత్త కవరులో పెట్టి, సొంత ముద్ర వేసి పంపినట్టన్నమాట. ఒక కనెక్షన్ స్థానంలో రెండు పుడతాయి, సంకేతాలు విప్పడం, మళ్లీ కట్టడం రెండింతలవుతుంది. పాత ప్రాసెసర్ ఉన్న ఇంటి కంప్యూటర్ నలిగేది ఇక్కడే.

మీ కంప్యూటర్లో ఇది జరుగుతోందో లేదో అర నిమిషంలో తేలుతుంది. అడ్రస్ పట్టీకి ఎడమ చివరనున్న గుర్తు మీద నొక్కండి. కనెక్షన్ ఈజ్ సెక్యూర్ అన్న వరస తెరవండి. అక్కడి నుంచి సర్టిఫికెట్‌లోకి వెళ్లి, ఇష్యూడ్ బై కింద ఏ పేరుందో చూడండి. డిజీసర్ట్, లెట్స్ ఎన్‌క్రిప్ట్, గూగుల్ ట్రస్ట్ సర్వీసెస్, సెక్టిగో వంటి పేర్లుంటే కవరు చిరగలేదు. మీ యాంటీవైరస్ పేరుంటే చిరిగింది. ఈ పరీక్ష బ్యాంకు సైటు మీద చేయకండి. కొన్ని యాంటీవైరస్‌లు బ్యాంకుల జోలికి పోవు కాబట్టి అక్కడ అసలు సర్టిఫికెట్ కనిపించి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. వార్తల సైట్ల మీదే చూడండి.

ఇంకో ఆనవాలు ఉంది. నెట్‌వర్క్ ట్యాబులో ఫైళ్ల జాబితా పైన ఉన్న శీర్షికల వరస మీద రైట్ క్లిక్ కొట్టి ప్రోటోకాల్‌ని ఎంచుకోండి. హెచ్3, హెచ్2 అని (హెచ్‌టీటీపీలో కొత్త తరాలు) కనిపిస్తే మంచిదే. పెద్ద పెద్ద సైట్లన్నీ మీ దగ్గర హెచ్‌టీటీపీ/1.1 మీదే వస్తుంటే మధ్యలో ఎవరో వాటిని పాత పద్ధతికి దించుతున్నారు. పాత పద్ధతిలో బ్రౌజర్ ఒక్కో సర్వర్‌తో ఒకేసారి ఆరు కనెక్షన్లే తెరుస్తుంది, ఏడో ఫైలు క్యూలో నిలబడాల్సిందే. హెచ్2 వచ్చాక ఒకే కనెక్షన్ మీద పదుల ఫైళ్లు కలిసి వస్తాయి.

ఒక్కొక్కటీ ఆపి చూడటం

తేలికైన ఎక్స్‌టెన్షన్‌తో మొదలుపెట్టండి. క్రోమ్‌లో మూడు చుక్కల మెనూలోంచి ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్లి యాంటీవైరస్ పేరున్నవన్నీ ఆఫ్ చేయండి. మళ్లీ ఆరు రీలోడ్లు, మళ్లీ నడిమి అంకె.

తర్వాత వెబ్ షీల్డ్. యాంటీవైరస్‌ని మొత్తంగా ఆపొద్దు, సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీఎస్ స్కాన్ ఒక్కటే ఆపండి. ఎవాస్ట్‌లో ఇది కోర్ షీల్డ్స్ కింద వెబ్ షీల్డ్‌లో ఉంటుంది. బిట్‌డిఫెండర్‌లో ఎన్‌క్రిప్టెడ్ వెబ్ స్కాన్ అంటారు. కాస్పర్‌స్కీలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్స్ అని వెతకాలి. ఈసెట్‌లో ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ పేరు మీద ఉంటుంది. వెర్షన్ మారినప్పుడల్లా చోటు మారుస్తుంటారు కాబట్టి సెట్టింగ్స్‌లోని వెతుకు గడిలో ఈ మాటలే కొట్టండి.

ఇక్కడే చాలామంది తప్పు లెక్క తీస్తారు. స్కాన్ ఆపగానే రీలోడ్ కొట్టి, తేడా లేదే అనుకుంటారు. అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు యాంటీవైరస్ గుండానే నడుస్తుంటాయి. బ్రౌజర్‌ని పూర్తిగా మూసి తెరవాలి. పూర్తిగా అంటే కిటికీ మూస్తే సరిపోదు. ఎడ్జ్, క్రోమ్ రెండూ వెనకాల నడుస్తూ ఉండొచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో ఆ పేరు మిగిలి ఉంటే ఎండ్ టాస్క్ కొట్టండి. తర్వాత తెరిచి, ముందు సర్టిఫికెట్‌లో ఇష్యూడ్ బై మారిందో లేదో చూసి, అప్పుడు కొలవండి.

ఉదాహరణకు వార్తల పేజీ లోడ్ 9 సెకన్ల నుంచి 4కు దిగితే దొంగ దొరికినట్టే. 9 నుంచి 8.5కు దిగితే అది వెబ్ షీల్డ్ పని కాదు, దాన్ని తిరిగి ఆన్ చేసి డిస్కు వైపు వెళ్లండి.

హెచ్‌టీటీపీఎస్ స్కాన్‌ని శాశ్వతంగా ఆపేయొచ్చా? బ్రౌజర్ తాజాగా ఉన్న ఇంట్లో ఆపేయొచ్చనే మా మాట. క్రోమ్‌లో సేఫ్ బ్రౌజింగ్, ఎడ్జ్‌లో స్మార్ట్‌స్క్రీన్ మోసపు సైట్లను ఎలాగూ ఆపుతుంటాయి. దిగిన ఫైలు డిస్కు మీదకు రాగానే రియల్ టైమ్ స్కాన్ పట్టుకుంటుంది. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఇలా కవర్లు చించదు. పైగా 2017లో హెచ్‌టీటీపీఎస్ తనిఖీ మీద వెలువడిన ఒక పరిశోధన, మధ్యలో దూరే యాంటీవైరస్‌లలో ఎక్కువ భాగం కనెక్షన్ భద్రతను తగ్గిస్తున్నాయని తేల్చింది. అయితే వాట్సాప్‌లో వచ్చిన ప్రతి లింకునూ నొక్కే పెద్దవాళ్లు అదే కంప్యూటర్ వాడుతుంటే, సెకన్లు పోతే పోయాయి, ఆన్‌లోనే ఉంచండి.

డిస్కు వంద శాతం

టాస్క్ మేనేజర్‌లో పర్ఫామెన్స్‌కు వెళ్లి డిస్క్ 0 పక్కన హెచ్‌డీడీ (తిరిగే పళ్లెమున్న పాత రకం డిస్కు) అనుందో ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) అనుందో చూడండి. ఎస్ఎస్‌డీ అయితే ఈ భాగం దాటేసినా నష్టం లేదు.

హెచ్‌డీడీ అయితే పేజీ తెరిచేటప్పుడు యాక్టివ్ టైమ్‌ని గమనించండి. అది 100 శాతం దగ్గర అతుక్కుపోయి, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ వందల మిల్లీసెకన్లకు పాకితే ఆలస్యం అక్కడే. బ్రౌజర్ చిన్న చిన్న క్యాష్ ఫైళ్లు రాస్తుంటే స్కానర్ వాటి వెంట పడుతుంది, తిరిగే పళ్లెం మీద ముల్లు అటూ ఇటూ ఉరకలేక చస్తుంది. ర్యామ్ 4 జీబీయే ఉంటే విండోస్ కూడా అదే డిస్కును అరువు ర్యామ్‌గా వాడుకుంటుంది, ఇక చెప్పేదేముంది.

ప్రాసెసెస్ ట్యాబులో యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ పైన కూర్చుని ఉంటే అది డిఫెండరే. షెడ్యూల్ స్కాన్‌లో అది మామూలుగా సీపీయూలో 50 శాతం దాకా వాడుకోవచ్చు. ఆ స్కాన్ ఎప్పుడు మొదలవ్వాలో టాస్క్ షెడ్యూలర్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ డిఫెండర్ వరసలో విండోస్ డిఫెండర్ షెడ్యూల్డ్ స్కాన్ దగ్గర పెట్టుకోవచ్చు. మధ్యాహ్నం భోజనాల వేళ పెట్టండి. రాత్రి రెండింటికి పెడితే కంప్యూటర్ ఆఫ్‌లో ఉంటుంది.

వేగం కోసం బ్రౌజర్‌నే ఎక్స్‌క్లూజన్ జాబితాలో, అంటే స్కాన్ చేయకుండా వదిలేసేవాటిలో, చేర్చమనే సలహా మీకు తరచూ ఎదురవుతుంది. వినకండి. డిఫెండర్‌లో ఒక ప్రాసెస్‌ని మినహాయిస్తే అది తెరిచే ఫైళ్లేవీ రియల్ టైమ్ స్కాన్‌లోకి రావు. అంటే నెట్ నుంచి ఫైళ్లు దిగే ద్వారాన్నే బార్లా తెరిచి వదిలేసినట్టు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా అంతే. దానికి బదులు, ఏటా యాంటీవైరస్ రెన్యూవల్‌కు పెట్టే డబ్బుతో ఒక ఎస్ఎస్‌డీ వేయించుకోవడం మేలు.

ఒకే ఒరలో రెండు కత్తులు

కొత్త ల్యాప్‌టాప్‌తో ట్రయల్‌గా వచ్చిన యాంటీవైరస్ గడువు తీరినా లోపలే ఉంటుంది. దాని మీద ఇంకోటి కొని వేస్తే రెండూ ప్రతి ఫైలు మీదా పోటీ పడతాయి. విండోస్ సెక్యూరిటీ తెరిచి, అడుగున ఉన్న సెట్టింగ్స్‌లో మేనేజ్ ప్రొవైడర్స్ చూస్తే ఎవరెవరు కాపురం ఉన్నారో తెలుస్తుంది. అక్కరలేనిదాన్ని అన్ఇన్‌స్టాల్ చేశాక ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ కూడా నడిపి రీస్టార్ట్ చేయండి. లేకపోతే నెట్‌వర్క్‌ను వడపోసే దాని డ్రైవర్ మిగిలిపోయి, ప్రోగ్రామ్ పోయినా నెమ్మదితనం పోదు. చివరికి ప్రొవైడర్లలో ఒక్క యాంటీవైరస్ మాత్రమే ఆన్‌లో ఉండాలి.

ఇంటిపని

మార్పులన్నీ అయ్యాక కాపలా ఇంకా ఉందో లేదో పరీక్షించండి. దీనికోసమే ఐకార్ సంస్థ 68 బైట్ల పరీక్ష ఫైలు ఇస్తుంది. అందులో వైరస్ ఏమీ ఉండదు, కానీ ప్రతి యాంటీవైరస్ దాన్ని చూసి అరవాలని ఒప్పందం. వాళ్ల సైటు నుంచి దించి చూడండి. హెచ్‌టీటీపీఎస్ స్కాన్ ఆన్‌లో ఉంటే డౌన్‌లోడ్ మొదలవ్వకముందే ఆగుతుంది. ఆఫ్‌లో ఉంటే ఫైలు దిగుతుంది, దిగగానే మాయమై హెచ్చరిక వస్తుంది. బ్రౌజరే ముందుగా అడ్డుకున్నా సరే. ఏ హెచ్చరికా లేకుండా ఫైలు డౌన్‌లోడ్స్‌లో పడి ఉందంటే మీరు ఆపకూడనిది ఏదో ఆపారు. రియల్ టైమ్ ప్రొటెక్షన్ వెంటనే చూసుకోండి.

మీ పుస్తకంలో నాలుగు అంకెలు ఉండాలి: ఏదీ ముట్టనప్పటి లోడ్, ఎక్స్‌టెన్షన్ తీశాక, హెచ్‌టీటీపీఎస్ స్కాన్ ఆపాక, అన్నీ సర్దుకున్నాక. నెట్‌వర్క్ ట్యాబులో మొదటి వరస మీద నొక్కితే వచ్చే టైమింగ్ కూడా ఒకసారి చూసి, డీఎన్ఎస్ లుకప్ (సైటు పేరును బట్టి దాని సర్వర్ చిరునామా వెతకడం) ఎంత సమయం తిన్నదో పక్కన రాసి పెట్టుకోండి. 7వ పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది.