గిటార్ పాఠం 7: కార్డ్‌లో గొడవపడే ఆ రెండు స్వరాలు

పోయిన పాఠంలో ఒక్కో ఫ్రెట్ ఒక్కో సెమీటోన్ అని చెప్పుకుని, ఏ స్ట్రింగ్ మీద ఎన్నో ఫ్రెట్ నొక్కితే ఏ స్వరం వస్తుందో లెక్కపెట్టడం నేర్చుకున్నాం. అది ఇంకా తడుముకుంటూ చెప్పే దశలోనే ఉంటే ముందు దాని సంగతి చూసి రండి, ఈరోజు పనంతా ఆ లెక్కతోనే.

గిటార్ తీసుకుని ట్యూనింగ్ ఒకసారి సరిచూసుకోండి. రెండో స్ట్రింగ్ ఐదో ఫ్రెట్ నొక్కి, దాన్నీ ఓపెన్ (ఏ ఫ్రెట్టూ నొక్కని) ఒకటో స్ట్రింగ్‌నీ కలిపి మీటండి. రెండూ 'ఇ' స్వరమే కాబట్టి ఏది ఏదో తెలియకుండా కలిసిపోతాయి. ఇప్పుడు వేలు ఒక్క ఫ్రెట్ వెనక్కి జరిపి, నాలుగో ఫ్రెట్ మీద నొక్కి, మళ్ళీ రెండూ కలిపి మీటండి. గరగరమంటుంది. ఓపెన్ 'ఇ' సెకనుకు దాదాపు 330 సార్లు కంపిస్తే, మీ వేలి కింద ఉన్న 'డి షార్ప్' 311 సార్లు కంపిస్తుంది, ఆ తేడా ఎంతో అన్నిసార్లు, అంటే సెకనుకు ఓ 18, 19 సార్లు, శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అంత వేగాన్ని చెవి విడివిడిగా పట్టుకోలేదు, అందుకే మొత్తం కలిపి గరుకుగా వినిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే నాలుగో ఫ్రెట్ దగ్గరే స్ట్రింగ్‌ని చాలా మెల్లగా బెండ్ చేస్తూ (వేలితో పక్కకి లాగుతూ) మీటండి. గరగర కాస్తా నెమ్మదించి అలలా ఊగడం మొదలవుతుంది, బెండ్ 'ఇ'ని అందుకోగానే ఆ ఊపు ఆగిపోతుంది. ఇది కనీసం పదిసార్లు చేయండి. డిసొనెన్స్ (స్వరాలు ఒకదానితో ఒకటి ఇమడకపోవడం) అంటే ఏమిటో పది పేజీలు చదివినా రాని అవగాహన ఈ ఒక్క బెండ్‌తో వస్తుంది.

ఇప్పుడు అవే రెండు స్వరాల్ని కార్డ్‌లో పెడదాం. మామూలు ఇ మేజర్ పట్టుకుని, నాలుగో స్ట్రింగ్ మీద రెండో ఫ్రెట్‌లో ఉన్న వేలు తీసి అదే స్ట్రింగ్ ఒకటో ఫ్రెట్ నొక్కండి. ఆరో స్ట్రింగ్ నుంచి చదివితే 0-2-1-1-0-0 (అంకెలు ఫ్రెట్లు, 0 అంటే ఓపెన్). ఇది ఇ మేజర్ సెవెన్, ఎంత మెత్తగా ఉందో వినండి. తర్వాత మళ్ళీ ఇ మేజర్‌కి వచ్చి, ఈసారి చిటికెన వేలు రెండో స్ట్రింగ్ నాలుగో ఫ్రెట్ మీద పెట్టండి: 0-2-2-1-4-0. ఇదీ ఇ మేజర్ సెవెనే! పేరు అదే, స్వరాలూ అవే నాలుగు: ఇ, జి షార్ప్, బి, డి షార్ప్. కానీ ఇందాకటి గరగర పైన రెండు స్ట్రింగ్‌ల మధ్య స్పష్టంగా వినిపిస్తుంది. మొదటి షేపులో 'డి షార్ప్' ఒక 'ఇ'కి 11 ఫ్రెట్ల ఎత్తులో, ఇంకో 'ఇ'కి 13 ఫ్రెట్ల కింద ఉంది. రెండో షేపులో ఒకటో స్ట్రింగ్‌కి ఒక్క ఫ్రెట్ దూరంలోకి వచ్చేసింది. మీ పాటకి ఏది కావాలో అది వాడుకోండి, రెండూ సరైనవే.

థియరీ నేర్చుకుంటే వాయించడంలో సహజత్వం పోతుందని చాలామంది అంటారు. నేను అస్సలు ఒప్పుకోను. నేను మొదట్లో చార్టులు చూసి షేపులు బట్టీపట్టాను. ఒక కార్డ్ పాటలో గుచ్చుకున్నట్టు అనిపిస్తే ఏ వేలు కదపాలో తెలియక మొత్తం కార్డే మార్చేసేవాణ్ణి, దాంతో ఆ గుచ్చుకోవడంలో ఉన్న అందం కూడా పోయేది. స్వరాల పేర్లు తెలిశాక అదే చోట ఒక్క వేలు జరిపి గరుకుని కాస్త తగ్గించడమో, కావాలంటే పెంచడమో చేయగలుగుతున్నాను.

డిసొనెన్స్‌లో ఇంకో రకం ఉంది. ఇది అంత గరుకుగా ఉండదు, కానీ అక్కడ ఆగనివ్వదు. జి సెవెన్ పట్టుకోండి: 3-2-0-0-0-1. పై రెండు స్ట్రింగ్‌లు మాత్రమే మీటండి. ఓపెన్ రెండో స్ట్రింగ్ 'బి', ఒకటో స్ట్రింగ్ ఒకటో ఫ్రెట్ 'ఎఫ్', మధ్య దూరం సరిగ్గా ఆరు సెమీటోన్లు, దీన్నే ట్రైటోన్ అంటారు. విన్న వెంటనే తర్వాత ఏదో రావాలనిపిస్తుంది. ఇప్పుడు చూపుడు వేలిని అదే ఫ్రెట్‌లో ఒకటో స్ట్రింగ్ నుంచి రెండో స్ట్రింగ్ మీదకి మార్చి మళ్ళీ మీటండి. 'బి' ఒక్క ఫ్రెట్ పైకెక్కి 'సి' అయింది, 'ఎఫ్' ఒక్క ఫ్రెట్ కిందికి దిగి 'ఇ' అయింది, టెన్షన్ అంతా తీరిపోయింది. జి సెవెన్ నుంచి సి మేజర్‌కి వెళ్ళినప్పుడల్లా మీ చూపుడు వేలు చేసే పని ఇదే, ఇన్నాళ్ళూ గమనించి ఉండరంతే.

అమెరికన్ గిటారిస్ట్ జిమి హెండ్రిక్స్ వల్ల హెండ్రిక్స్ కార్డ్ అని పేరుపడ్డ ఇ సెవెన్ షార్ప్ నైన్ కూడా ఒకసారి చూడండి. ఐదో స్ట్రింగ్ నుంచి రెండో స్ట్రింగ్ దాకా 7-6-7-8, మిగతావి మ్యూట్ (మోగకుండా ఆపేయాలి). నాలుగో స్ట్రింగ్ మీద మేజర్ థర్డ్ ('ఇ' నుంచి నాలుగో సెమీటోన్) 'జి షార్ప్', రెండో స్ట్రింగ్ మీద మైనర్ థర్డ్ ('ఇ' నుంచి మూడో సెమీటోన్, ఇక్కడ ఇంకో 12 ఫ్రెట్ల పైన) 'జి', రెండూ ఒకే కార్డ్‌లో ఉన్నాయి. మధ్యలో 11 ఫ్రెట్ల దూరం ఉంది కాబట్టి ఘాటుగా ఉన్నా బాగుంటుంది. ఐదు, నాలుగు స్ట్రింగ్‌లు అలాగే ఉంచి, మూడోదాన్ని ఓపెన్‌గా వదిలి ఈ మూడే మీటండి. ఇప్పుడు 'జి', 'జి షార్ప్' పక్కపక్కనే పడ్డాయి, చాలా కటువుగా ఉంటుంది. డిస్టార్షన్ (ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని చిరిగినట్టు చేసే ఎఫెక్ట్) పెడితే ఇది ఇంకా పెరుగుతుంది, అందుకే ముందు ఎఫెక్ట్ లేని క్లీన్ టోన్‌తోనే సాధన చేయండి.

వచ్చే పాఠానికి హోంవర్క్: సి మేజర్ సెవెన్, ఐదో స్ట్రింగ్ నుంచి 3-2-0-0-0. ఇందులో 'బి' ఓపెన్ రెండో స్ట్రింగ్ మీద ఉంది. మూడో స్ట్రింగ్ మీద ఎన్నో ఫ్రెట్ నొక్కితే దానికి ఒక్క సెమీటోన్ దూరంలో 'సి' దొరుకుతుందో చార్ట్ చూడకుండా లెక్కపెట్టి కనుక్కోండి. కనుక్కున్నాక పాత షేపు, కొత్త షేపు మార్చి మార్చి వాయిస్తూ ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. జవాబు ఎనిమిదో పాఠం మొదట్లో చెప్తాను, ఆ తర్వాత డిమినిష్డ్ కార్డ్‌ల్లోకి వెళ్దాం.